నెమ్మదించిన కంప్యూటర్‌కు ఏం చేయాలి, ఏ ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి

మీ విండోస్ ల్యాప్‌టాప్ కొన్నేళ్ల పాతదని, ఈమధ్య బాగా నెమ్మదించిందని, సి డ్రైవ్ నిండిపోయి ఎర్ర గీత చూపిస్తోందని రాశారు. దాన్ని శుభ్రం చేసి వేగం పెంచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి చెప్పమన్నారు. రోజువారీ పనులకు పనికొచ్చే మంచి ఉచిత సాఫ్ట్‌వేర్ల పేర్లు కూడా అడిగారు. మొదటి దానికి నా జవాబు: అలాంటి సాఫ్ట్‌వేర్ ఏదీ పెట్టకండి. మీకు కావలసిన పరికరాలన్నీ విండోస్‌లోనే ఉన్నాయి, వాటిని ఎక్కడ వెతకాలో కింద చెబుతాను. రెండో దానికి మాత్రం కొన్ని పేర్లు సంతోషంగా చెప్పగలను, కానీ అవి ఏడెనిమిదికి మించవు. అంతకు మించి పెట్టుకున్న ప్రతి సాఫ్ట్‌వేరూ మీ మెమరీలో కొంత, మీ శ్రద్ధలో కొంత తీసుకుంటుంది.

ఒక్క క్లిక్‌తో కంప్యూటర్ కొత్తదైపోతుందని చెప్పుకునే క్లీనర్లు ప్రధానంగా చేసేవి రెండు పనులు. మొదటిది తాత్కాలిక ఫైళ్లను తీసేయడం, అది విండోస్ తానే చేయగలదు. రెండోది రిజిస్ట్రీని శుభ్రం చేయడం. రిజిస్ట్రీ అంటే విండోసూ, అందులోని ప్రోగ్రాములూ తమ సెట్టింగులను రాసుకునే డేటాబేస్. అందులో పనికిరాని ఎంట్రీలు వందల కొద్దీ మిగిలిపోయినా మీకు తెలిసేంత తేడా రాదు. అవసరమైన ఎంట్రీ ఒక్కటి పోయినా ఏదో ఒక ప్రోగ్రాం తెరుచుకోవడం మానేస్తుంది. ఇలాంటి రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ కూడా తన సహాయ పత్రాల్లో స్పష్టంగా రాసింది. పేరున్నదైతే పర్వాలేదు కదా అనుకోవడానికి కూడా లేదు. 2017లో ఇలాంటి క్లీనర్లలో బాగా పేరున్న సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దాడి చేసినవాళ్లు హానికర కోడ్‌ను చొప్పించారు, అది ఆ సంస్థ అధికారిక డౌన్‌లోడ్ ద్వారానే ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది. అవసరం లేని సాఫ్ట్‌వేర్‌ను నమ్మి ఇంట్లోకి రానివ్వడమే అసలు ప్రమాదం అని నా అభిప్రాయం.

ఇప్పుడు నెమ్మదితనం సంగతి చూద్దాం. మీరు రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నానని, అయినా లాభం లేదని రాశారు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కినప్పుడు మీరు తెరిచిన ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ, విండోస్ లోపలి భాగం ఉన్న స్థితిలోనే డిస్క్ మీద భద్రమై, మర్నాడు అదే స్థితి నుంచి మళ్లీ మొదలవుతుంది. అందుకే వారాల తరబడి పేరుకున్న చిక్కులు షట్‌డౌన్‌తో పోవు. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా మొదటి నుంచి లోడ్ అవుతుంది. కాబట్టి ముందు ఒకసారి రీస్టార్ట్ చేసి, తర్వాతే మిగతా పరీక్షలు మొదలుపెట్టండి.

రీస్టార్ట్ తర్వాత కూడా నెమ్మదిగానే ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సిపియు, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అనే నిలువు వరుసలు, ప్రతిదాని పైన ఒక శాతం కనిపిస్తాయి. మీ కంప్యూటర్ మొరాయిస్తున్న సమయంలోనే ఇది తెరిచి రెండు మూడు నిమిషాలు గమనించాలి, బాగా నడుస్తున్నప్పుడు చూసి లాభం లేదు. ఏ శాతం తొంభై దాటి అక్కడే నిలబడుతోందో చూసి, ఆ వరుస పేరు మీద క్లిక్ చేస్తే ఎక్కువ వాడుతున్న ప్రోగ్రాం పైకి వస్తుంది. సిపియు తొంభై దాటి, పైన బ్రౌజర్ పేరు కనిపిస్తే ఏదో ఒక వెబ్ పేజీ గానీ, బ్రౌజర్‌కు అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రాం (ఎక్స్‌టెన్షన్) గానీ కారణం. మెమరీ నిండిపోతుంటే మీరు ఒకేసారి తెరిచినవి మీ ర్యామ్‌కు మించాయన్నమాట. ట్యాబులు తగ్గించడమో, వీలున్న ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ పెంచడమో తప్ప దానికి మంత్రం లేదు. ర్యామ్ బూస్టర్ పేరుతో దొరికేవి మెమరీలో ఉన్నదాన్ని బలవంతంగా డిస్క్ మీదికి నెట్టి ఖాళీ చూపిస్తాయి, మరుక్షణం ఆ ప్రోగ్రాం అదంతా మళ్లీ చదువుకోవలసి వస్తుంది, అంటే పని ఇంకా ఆలస్యమవుతుంది.

పాత ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా కనిపించేది మూడో పరిస్థితి: సిపియు పది శాతం దగ్గరే ఉంటుంది, డిస్క్ మాత్రం నూరు శాతం దగ్గర కదలకుండా ఉంటుంది. అదే వరుసలో సెకనుకు చదివిన పరిమాణం ఒకటి రెండు మెగాబైట్లే కనిపిస్తే ఆశ్చర్యపోకండి. తిరిగే హార్డ్ డిస్క్‌లో చదివే సూది ఒక చోటి నుంచి మరో చోటికి జరగడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వందకు అటూ ఇటూ మాత్రమే అందుకోగలదు. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగాలే లేవు, అదే పనిని సెకనుకు వేల సార్లు చేయగలదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ అనే పేజీకి వెళ్లి డిస్క్ మీద నొక్కితే మీది హెచ్‌డిడియా (తిరిగే హార్డ్ డిస్క్), ఎస్‌ఎస్‌డియా అన్నది అక్కడే రాసి ఉంటుంది. హెచ్‌డిడి అయితే దాన్ని ఎస్‌ఎస్‌డికి మార్పించడమే ఆ ల్యాప్‌టాప్‌కు మీరు చేయగల అతి పెద్ద మేలు. ఏ సాఫ్ట్‌వేరూ దానికి సాటి రాదు. ఎస్‌ఎస్‌డి ఉన్నవాళ్లు చెల్లాచెదురైన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్మెంట్ సాఫ్ట్‌వేర్లు వెతకవద్దు, దానికి కావలసిన నిర్వహణ విండోస్ తానే చేసుకుంటుంది.

డిస్క్ మార్చే ముందు, అసలు దాని ఆరోగ్యం ఎలా ఉందో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడండి. డిస్క్ తన గురించి తాను రాసుకునే లెక్కలను చదివి అది గుడ్ అనో, కాషన్ అనో, బ్యాడ్ అనో చూపిస్తుంది. గుడ్ కాకుండా ఇంకేం కనిపించినా ఈ జవాబులో మిగతాదంతా పక్కనపెట్టి, ముందు మీ ఫోటోలు, పత్రాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. చెడిపోతున్న డిస్క్ మీద క్లీనర్లు, స్కానర్లు గంటల తరబడి నడిపి ఉన్న డేటా కూడా పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. అది చాలా బాధాకరమైన విషయం, ఒక్క గంట ముందు కాపీ చేసుకుని ఉంటే తప్పేది.

టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ అనే పేజీ ఉంది. కంప్యూటర్ తెరవగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా అది, వాటి ప్రభావం హై, మీడియం, లో అని పక్కనే ఉంటుంది. మీటింగ్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, ప్రింటర్ కంపెనీల సహాయక ప్రోగ్రాములు అక్కడ ఉండవలసిన అవసరం లేదు. రైట్ క్లిక్ చేసి డిజేబుల్ చేయండి. అవి పోవు, మీరు తెరిచినప్పుడు ఎప్పటిలాగే పనిచేస్తాయి. యాంటీవైరస్‌నూ, టచ్‌ప్యాడ్, సౌండ్ డ్రైవర్ల పేర్లతో ఉన్నవాటినీ మాత్రం కదపకండి.

సి డ్రైవ్ నిండిపోవడం విషయానికొస్తే, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే ఏ రకం ఫైళ్లు ఎంత ఆక్రమించాయో కనిపిస్తుంది. టెంపరరీ ఫైల్స్ మీద నొక్కి, టిక్ పెట్టినవాటిని తీసేయవచ్చు. అయితే ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అనే గడి కూడా ఉంటుంది. అది మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తాన్ని ఖాళీ చేస్తుంది కాబట్టి, అందులో ఏముందో చూడకుండా టిక్ పెట్టకండి. ఇంకా తేలకపోతే విజ్‌ట్రీ గానీ, విన్‌డిర్‌స్టాట్ గానీ పెట్టుకోండి. రెండూ ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. పెద్ద ఫైలు పెద్ద చతురస్రంగా, చిన్నది చిన్నదిగా డిస్క్ మొత్తాన్ని ఒక పటంలా చూపిస్తాయి. ఎప్పుడో దించుకుని మరిచిన వీడియోలు, పాత ఫోన్ బ్యాకప్‌లు ఆ పటంలో ఇట్టే కంటబడతాయి. మీరు పెట్టిన ఫైళ్లను మీరు తీసేయండి. విండోస్ అనే ఫోల్డర్‌లో ఉన్నవాటిని, ఎంత పెద్దవిగా కనిపించినా, చేత్తో తీయవద్దు.

ఇక ఉచిత సాఫ్ట్‌వేర్లు. పేర్ల కంటే ముందు వాటిని ఎలా దించుకోవాలో చెప్పాలి, ఎందుకంటే నాకు తెలిసిన ఇబ్బందుల్లో చాలా భాగం ఇక్కడే మొదలవుతాయి. సెర్చ్ ఇంజిన్‌లో సాఫ్ట్‌వేర్ పేరు కొడితే పైన వచ్చే ఒకటి రెండు ఫలితాలు ప్రకటనలు కావచ్చు, స్పాన్సర్డ్ అన్న మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. అసలు వెబ్‌సైట్‌ను పోలిన పేరుతో నకిలీ సైట్ పెట్టి, ప్రకటన కొనుక్కుని పైకి రావడం మోసగాళ్లకు అలవాటైన పద్ధతి. డౌన్‌లోడ్ పేజీలో కూడా పెద్దగా, ఆకుపచ్చగా మెరిసే బటన్ వేరెవరిదో ప్రకటన అయివుండి, అసలు లింకు దాని కింద మామూలు అక్షరాల్లో ఉండవచ్చు. మౌస్‌ను లింకు మీద ఉంచి నొక్కకుండా ఆగితే, అది తీసుకెళ్లే చిరునామా బ్రౌజర్ కింది మూలన కనిపిస్తుంది. ఆ చిరునామా ఆ సాఫ్ట్‌వేర్ తయారీదారుది కాకపోతే నొక్కకండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ అనే ఎంపిక ఉంటే అదే తీసుకుని, ముందే పెట్టి ఉన్న టిక్కులను చదివి, అడగని టూల్‌బార్లు, ట్రయల్ యాంటీవైరస్‌లు ఉంటే తీసేయండి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో అదే తయారీదారు పేరుతో దొరికితే అక్కడి నుంచి దించుకోవడం మరింత సులువు.

దించుకున్న ఫైలు మీద అనుమానం ఉంటే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో పెట్టి చూడవచ్చు. డజన్ల కొద్దీ యాంటీవైరస్‌లు ఒకేసారి దాన్ని పరీక్షిస్తాయి. అయితే అక్కడ పెట్టిన ఫైళ్లు భద్రతా సంస్థలకు కూడా అందుబాటులో ఉంటాయి కాబట్టి ఇన్‌స్టాలర్లను మాత్రమే పెట్టండి, సొంత పత్రాలను పెట్టకండి. కంప్యూటర్‌లో ఉండే యాంటీవైరస్ విషయానికొస్తే, విండోస్‌తోపాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ మీకు సరిపోతుంది, దాని పక్కన ఇంకొకటి పెడితే ఉన్న వేగం కూడా తగ్గుతుంది.

దీనికి సంబంధించినదే ఇంకో చిన్న మార్పు, ఈరోజే చేసుకోండి. విండోస్ సాధారణంగా ఫైలు పేరు చివర ఉండి అది ఏ రకం ఫైలో చెప్పే ఎక్స్‌టెన్షన్‌ను దాచిపెడుతుంది. అందువల్ల బిల్.పిడిఎఫ్.ఇఎక్స్‌ఇ అనే ప్రోగ్రాం మీకు బిల్.పిడిఎఫ్ అనే పత్రంలా కనిపిస్తుంది. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ఐ లవ్ యూ వైరస్ సరిగ్గా ఈ కిటుకు మీదే ఆధారపడింది: ప్రేమలేఖ పేరుతో వచ్చిన ఆ ఫైలు టిఎక్స్‌టి అని ముగిసినట్టు కనిపించేది, దాని వెనక విబిఎస్ అనే అసలు ఎక్స్‌టెన్షన్ దాగి ఉండేది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదానికి టిక్ పెడితే ఇక అన్ని పేర్లూ పూర్తిగా కనిపిస్తాయి.

నేను ప్రతివారికీ మొదట చెప్పే సాఫ్ట్‌వేర్ పేరు ఎవ్రీథింగ్. వాయిడ్‌టూల్స్ అనే సైట్‌లో దొరుకుతుంది. ఫైలు పేరులో రెండు మూడు అక్షరాలు కొట్టేసరికి కంప్యూటర్‌లో ఆ పేరున్న ఫైళ్లన్నీ కళ్ల ముందు ఉంటాయి. విండోస్ సాధారణంగా వాడే ఎన్‌టిఎఫ్‌ఎస్ అనే అమరిక ఉన్న డిస్క్‌లలో ప్రతి ఫైలు పేరూ ఒకే పట్టికలో రాసి ఉంటుంది, ఎవ్రీథింగ్ ఫోల్డర్లన్నీ తిరగకుండా నేరుగా ఆ పట్టికనే చదువుతుంది. దాని వేగానికి రహస్యం అదే. అది వెతికేది ప్రధానంగా పేర్లను కాబట్టి, పేర్లు బాగా పెట్టడం మీ వంతు. పత్రాల పేరు ముందు 2025-03-14 అన్నట్టు సంవత్సరం, నెల, తేదీ వరుసలో రాసే అలవాటు చేసుకుంటే, పేర్ల వరుసలో పెట్టినా తేదీల వరుసలోనే వస్తాయి. పేరు మార్చడానికి ఫైలును ఎంచుకుని ఎఫ్2 నొక్కితే చాలు.

ఆఫీసు పనికి లిబ్రెఆఫీస్ వాడండి. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి, ద డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతిలో నడుస్తోంది. ఓపెన్ ఆఫీస్ పేరు ఇప్పటికీ చాలామందికి గుర్తుంది గానీ, దాని చివరి పెద్ద వెర్షన్ 4.1 వచ్చింది 2014లో. కాబట్టి దాన్ని కాకుండా దీన్నే పెట్టుకోండి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను ఇది తెరుస్తుంది, సేవ్ కూడా చేస్తుంది. క్లిష్టమైన పట్టికలు, మాక్రోలు (పత్రంలోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములు) ఉన్నచోట మాత్రం అమరిక చెదురుతుంది, ఆ సంగతి తెలిసి వాడాలి. ఎదుటివారు మార్చనక్కర్లేని పత్రాన్ని ఎప్పుడూ పిడిఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపిస్తుంది.

పిడిఎఫ్‌లను కలపడానికి, విడదీయడానికి పిడిఎఫ్‌శామ్ బేసిక్ ఉంది. ఈ పని చేసిపెట్టే వెబ్‌సైట్లు బోలెడు ఉన్నాయి కదా అని మీకు అనిపించవచ్చు. కానీ అక్కడ మీరు గుర్తింపు కార్డునో, జీతం పత్రాన్నో ముఖపరిచయం లేని ఎవరి కంప్యూటర్‌కో పంపుతున్నారు, అది అక్కడ ఎంతకాలం ఉంటుందో తెలుసుకునే దారి మీకు లేదు. పని మీ కంప్యూటర్‌లోనే జరిగేటప్పుడు ఆ బెంగే ఉండదు. ఇంకో జాగ్రత్త: పిడిఎఫ్‌లో ఒక నంబరు కనబడకూడదని దాని మీద నల్లని డబ్బా గీస్తే నంబరు పోదు, డబ్బా కింద అలాగే ఉంటుంది, సెలెక్ట్ చేసి కాపీ చేసినవారికి దొరికిపోతుంది. ఆ పేజీని చిత్రంగా మార్చి, చిత్రం మీద నలుపు పూసి, మళ్లీ పిడిఎఫ్ చేయడం సురక్షితం.

వీడియోలకు విఎల్‌సి, జిప్ ఫైళ్లకు సెవెన్‌జిప్; ఈ రెండింటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, రెండూ ఏళ్ల తరబడి ప్రకటనలు లేకుండా నడుస్తున్నవే. సెవెన్‌జిప్‌లో ఒక్క సంగతి గుర్తుంచుకోండి: మెయిల్‌లో పంపవలసిన రహస్య పత్రానికి పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఏఇఎస్-256 ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్‌ను మెయిల్‌లో కాకుండా ఫోన్‌లో చెప్పండి.

బ్రౌజర్‌లో యుబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే ప్రకటనలతోపాటు పైన చెప్పిన నకిలీ డౌన్‌లోడ్ బటన్లు కూడా చాలావరకు మాయమవుతాయి. ఫైర్‌ఫాక్స్‌లో అది పూర్తి రూపంలో పనిచేస్తుంది, క్రోమ్‌లో దాని లైట్ రూపం దొరుకుతుంది. పొరపాటున మూసిన ట్యాబ్ కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కితే తిరిగి వస్తుంది. విండోస్ కీ, వి నొక్కితే మీరు కాపీ చేసిన చివరి 25 అంశాలు వరుసగా కనిపిస్తాయి. మొదటిసారి మాత్రం టర్న్ ఆన్ నొక్కాలి. విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ నొక్కితే తెర మీద కావలసిన భాగాన్నే చిత్రంగా తీసుకోవచ్చు. ఈ మూడింటికీ ఏ సాఫ్ట్‌వేరూ దించుకోనక్కర్లేదు.

పాస్‌వర్డ్‌లన్నీ ఒకచోట భద్రంగా దాచుకోవడానికి బిట్‌వార్డెన్ గానీ, కీపాస్‌ఎక్స్‌సి గానీ ఎంచుకోండి. మొదటిది ఫోన్‌కూ కంప్యూటర్‌కూ కలిపి ఉచితంగా పనిచేస్తుంది, రెండోది అంతా మీ దగ్గరున్న ఒకే ఫైలులో దాస్తుంది. ప్రధాన పాస్‌వర్డ్‌గా సంబంధం లేని నాలుగైదు పదాలు కలిపి పెట్టుకోండి. గుర్తుంచుకోవడం తేలిక, ఊహించడం కష్టం. ఊరికే మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న పాత నియమాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే వద్దంది. ప్రతి చోటా వేరే పాస్‌వర్డ్ ఉండటం, మెయిల్‌కూ బ్యాంకుకూ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటి రెండో రుజువు) ఉండటం అంతకంటే ముఖ్యం.

బ్యాకప్ గురించి కాస్త గట్టిగానే చెప్పదలచుకున్నాను. ఫైళ్లు క్లౌడ్‌లో ఉన్నాయి కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటివి చేసేది సింక్: కంప్యూటర్‌లో ఫోల్డర్ తీసేస్తే అక్కడ కూడా పోతుంది, వాటి చెత్తబుట్టలో సాధారణంగా 30 రోజులే ఉంటుంది. కాబట్టి ముఖ్యమైనవి మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, వాటిలో ఒకటి ఇంటికి బయట ఉండాలన్న 3-2-1 నియమాన్ని పాటించండి. కంట్రోల్ ప్యానెల్‌లో ఉన్న ఫైల్ హిస్టరీని ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కలిపితే, మారిన ఫైళ్ల పాత రూపాలతో సహా గంటకోసారి దాచిపెడుతుంది. దాని కాపీ పూర్తయ్యాక డిస్క్‌ను తీసి పక్కన పెట్టండి, ఎందుకంటే ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా వదలదు. నెలకోసారి ఆ డిస్క్ నుంచి ఒక ఫైలును వెనక్కి తెచ్చి తెరిచి చూడండి, తెరుచుకుంటేనే అది బ్యాకప్.

అప్‌డేట్లను వాయిదా వేస్తున్నానని కూడా రాశారు. 2017 మే నెలలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ ఆసుపత్రులను సైతం స్తంభింపజేసినప్పుడు, అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే, అప్‌డేట్ ఇచ్చేసింది. మీది విండోస్ 10 అయితే దాని మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 అర్హత ఉందో లేదో సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీయే చెబుతుంది. అర్హత లేకపోతే కంప్యూటర్‌ను మూలన పడేయనక్కర్లేదు. విండోస్ బదులు పెట్టుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ ఉచితం, రూపంలో విండోస్‌కు దగ్గరగా ఉంటుంది. బ్రౌజింగ్, లిబ్రెఆఫీస్, వీడియోలు అన్నీ అందులో నడుస్తాయి. దాన్ని పెన్ డ్రైవ్ నుంచే, డిస్క్ మీద ఏమీ రాయకుండా, నడిపి చూడవచ్చు. వై-ఫై, ప్రింటర్, సౌండ్, కెమెరా అలా పనిచేస్తున్నాయని తేల్చుకున్నాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపేయమంటారా అని అడిగే పేజీ ఒకటి వస్తుంది, అక్కడ అవును అనే ముందు బ్యాకప్ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో మరోసారి చూడండి.